రెండంగుళాలు తక్కువ

ధబ్బుమని చప్పుడు… ఆ వెంటనే ఒక్క క్షణం నిశ్శబ్దం! పిల్లలున్న ఇంట్లో చప్పుడుకి ఎవరూ అంతగా భయపడరు. ఆ తర్వాతి నిశ్శబ్దమే ప్రాణం తీస్తుంది. వంటింట్లో గిన్నెలు తోముతున్న ఆ ఇల్లాలు సబ్బు చేతులతోనే పడకగదిలోకి పరుగెత్తింది. ఆమె గుమ్మం చేరేసరికి ఏడుపు మొదలైంది. ఊచల మంచం పక్కన నేల మీద బోర్లా పడి ఉంది రెండున్నరేళ్ల కూతురు. కింది పెదవి చిట్లి రక్తం కారుతోంది. మంచం పై కమ్మీ మీద నుంచి బుల్లి దుప్పటి ఒకటి కిందికి వేలాడుతోంది. అది పట్టుకుని దిగబోయిందన్నమాట, గడుగ్గాయి!

“అయ్యో, నా తల్లీ! ఎంత పని చేశావే! ఏమండీ… ఒక్కసారి ఇటు రండి!”

భర్త పరుగున వచ్చాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పన్నెండో అంతస్తులో ఇరుక్కున్న లిఫ్టును నవ్వుతూ దించగలడు గానీ, కూతురి పెదవి మీద రక్తం చూసేసరికి గోడకు చేరగిలబడ్డాడు. ఇద్దరి మధ్య నుంచి ఒక ముసలి చెయ్యి చొరబడి, తడిగుడ్డను పిల్ల పెదవికి అదిమిపెట్టింది. అత్తగారు! పక్కగదిలో కుట్టుమిషన్ మీద నుంచి లేచి వచ్చింది, భుజాన దారం ముక్కలతోనే. అయ్యో అనలేదు, అమ్మో అనలేదు. రక్తం ఆగాక గుడ్డ తీసి చూసి, “పన్ను కదల్లేదు” అని ఒక్క మాట అని వెళ్లిపోయింది.

“నేను దూకాను!” అంది పిల్ల, వెక్కిళ్ల మధ్యలోంచి గర్వంగా.

ఆ పిల్ల పేరు రికార్డుల్లో ఏదో ఉంది గానీ ఇంట్లో అందరికీ ‘గుప్పెడు’. నెలలు నిండకుండా పుట్టి, నిజంగానే గుప్పెడంత ఉండేది. ఆ పేరు పెట్టింది నాయనమ్మే.

డాక్టరమ్మ పెదవి చూసి, మందు రాసి, కళ్లజోడు మీద నుంచి తల్లిని చూసింది. “ఇది మూడోసారి అంటున్నారు. నాలుగోసారి నా దగ్గరికి రాకండి. పిల్ల ఎదిగిందమ్మా, మంచం ఎదగలేదు. నేలకు దగ్గరగా ఉండే చిన్న మంచం చేయించండి. గది కూడా విడిగా ఇచ్చేయండి. నువ్వు మాటిమాటికీ లేచి దాని ఊపిరి చూస్తున్నట్టున్నావు. దానికీ నిద్ర లేదు, నీకూ లేదు.”

ఆమె తల వంచుకుంది. డాక్టరమ్మకెలా తెలిసింది! పుట్టిన మొదటి నలభై రోజులూ ఈ పిల్ల ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉంది. పెట్టెకు పక్కగా ఉన్న గుండ్రటి కన్నంలోంచి చెయ్యి పెట్టి, ఆ పిడికిలిని ఒక్క వేలితో తాకడమే అప్పుడు తల్లికి దక్కిన భాగ్యం. ఇంటికి వచ్చాక ఊచల మంచంలో పడుకోబెట్టినా ఆ అలవాటు పోలేదు. రెండున్నరేళ్లుగా ఆమె తన మంచం మీద నుంచి ఊచల మధ్యకు చెయ్యి దూర్చి, పిల్ల పొట్ట మీద ఆనించే నిద్రపోతోంది. మోచేతికి ఊచ ఒరుసుకుని కాయ కాసింది కూడా. విడిగా గది అంటే… ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలి?

అయినా పిల్ల క్షేమం ముందు తన చెయ్యెంత! కానీ అసలు చిక్కు వేరే ఉంది. ఆ ఇంట్లో ఉన్నవి మూడు గదులు. ఒకటి మొగుడూపెళ్లాలది. ఒకటి అత్తగారు పడుకునేది, అందులో ఆవిడ మంచం పడితే మనిషి పక్కకు తిరగాలి. మూడోది చిన్నదే అయినా వెలుతురున్న గది. పాతికేళ్లుగా అది అత్తగారి కుట్టుగది. భర్త పోయాక ఆ గదిలో మిషన్ తొక్కే ఆవిడ కొడుకును చదివించింది. స్కూలు యూనిఫారాలు, పిల్లల గౌన్లు, కర్టెన్లు… ఆ వీధిలో ఆవిడ చేతి కుట్టు పడని ఇల్లు లేదు. అలాంటి గదిని ఖాళీ చెయ్యమని ఏ నోటితో అడగడం?

ఆ కష్టం లిఫ్టు మెకానిక్కుకి లేకపోయింది. రాత్రి భోజనాల దగ్గర కంచంలోకి చూస్తూనే అనేశాడు. “అమ్మా, పిల్లకి నీ కుట్టుగది ఇచ్చేద్దాం. మిషన్ హాల్లో పెట్టుకో.”

కోడలికి ముద్ద గొంతులో అడ్డం పడింది. ఇలాగేనా అడగడం! అత్తగారు మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి, “సరే” అంది. లేచి చెయ్యి కడుక్కుంది. అంతే!

సాధారణంగా మనుషుల నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఈవిడ నోట్లో కొబ్బరికాయ వేసినా నానుతుంది. ఆ మౌనమే కోడలిని ఎప్పటినుంచో తినేస్తోంది. ఆ నలభై రోజుల్లో అత్తగారు ఆస్పత్రికి వచ్చింది ఒక్కసారంటే ఒక్కసారి! గాజుతలుపు అవతల నుంచి రెండు నిమిషాలు చూసి, నర్సుతో ఏదో మాట్లాడి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. “అమ్మ మిషన్ మీదే ఉంటోంది” అని భర్త చెప్పిన రోజు ఆమె మంచం మీద గోడవైపు తిరిగి ఏడ్చింది. ‘నా బిడ్డ బతుకో చావో తెలియకుండా ఉంటే ఈవిడకు గౌన్లు కుట్టుకోవడం ముఖ్యమా!’ ఆ ముల్లు గుండెలో అలాగే ఉండిపోయింది. పైకి ‘అత్తయ్యా’ అంటే ‘అత్తయ్యా’… లోపల మాత్రం ఒక తలుపు వేసే ఉంది.

మర్నాటి నుంచి ఆ గది ఖాళీ కావడం మొదలైంది. కోడలు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వీధుల వారీగా వేరుచేసే ఉద్యోగం చేస్తోంది. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఐదు దాటాక వస్తుంది. వచ్చేసరికి రోజుకొకటి మాయం! మొదటిరోజు గుడ్డల మూటలు, రెండోరోజు ఇస్త్రీ బల్ల. మూడోరోజు చూస్తే మిషనే లేదు! గోడ మీద మిషన్ నీడలా ఒక మాసిన మరక మాత్రం మిగిలింది.

“అత్తయ్యా… మిషన్ ఏదీ?”

“మూల మీది బట్టల కొట్టు వాళ్లకి వెనక గది ఖాళీగా ఉందిట. అక్కడ పెట్టించాను.”

“హాల్లో పెట్టుకోండి అన్నారుగా మీ అబ్బాయి!”

“వద్దులే. గది కావాలిగా” అంది అత్తగారు. బకెట్లో గుడ్డ ముంచి, పిండి, గోడ తుడవడంలో పడిపోయింది.

గది కావాలిగా… ఆ మాట ఆమెను కత్తిలా కోసింది. అలిగిందన్నమాట! పాతికేళ్ల గది పోయిందని అలిగి, ఇంట్లోంచి మిషన్‌తో సహా వెళ్లిపోతోందన్నమాట! ఇవాళ మిషన్ వెళ్లింది, రేపు మంచం వెళ్తుంది, ఎల్లుండి మనిషి వెళ్తుంది. మర్నాడు ఎదురింటి ఇస్త్రీ ఆవిడ పలకరించింది. “మీ అత్తగారు మిషన్ ఎత్తేశారేంటమ్మా? ఆ చప్పుడు లేకపోతే నాకు పొద్దు గడవట్లేదు!” ఆవిడ మామూలుగానే అంది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కోడలు మాత్రం “నేనేం పొమ్మనలేదండీ!” అనేసి, గబగబా ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది. కూతురికి గది ఇవ్వబోయి భర్తకి తల్లిని దూరం చేస్తోందా? రేపు గుప్పెడు పెద్దదయ్యాక ‘నాయనమ్మ ఎందుకెళ్లిపోయింది’ అని అడిగితే ఏం చెప్పాలి?

ఆదివారం పొద్దున్నే వడ్రంగి బాబాయి ఫోన్ చేశాడు. పక్క వీధిలో ఉంటాడు, నోటికి తాళం లేని మనిషి. “మంచం ఎక్కడ వేస్తారో కొలత చెప్పు తల్లీ. చెక్క కోశాక ‘అయ్యో బాబాయ్’ అంటే నేనేం చెయ్యలేను.”

ఆ గదిలో ఒక గోడకూ, కట్టుడు బీరువాకూ మధ్య మంచం పట్టేంత మూల ఉంది. మంచం అక్కడే. అత్తగారు బజారుకు వెళ్లింది. ఆవిడ ఉన్నా అడిగేది కాదేమో! ఖాళీ గదిలో మేకుకు టేపు ఒక్కటే మిగిలిపోయి వేలాడుతోంది. వాడివాడి మెత్తబడిన కుట్టు టేపు. కొసకు లేత పసుపు గుడ్డ చుట్టి కుట్టి ఉంది. ఆ కొసను గోడకు ఆనించి, బొటనవేలితో అదిమి, రెండో కొసను బీరువా దాకా లాగి చూసింది. యాభై ఎనిమిదంగుళాలు. ఇంకోసారి కొలిచింది. యాభై ఎనిమిదే.

“యాభై ఎనిమిది బాబాయ్!”

“అయితే వేలు దూరేంత సందు వదిలి చేస్తాను” అన్నాడాయన.

సరిగ్గా వారానికి మంచం వచ్చింది. ఎంత ముద్దుగా ఉందో! నేలకు జానెడెత్తు. అంచులన్నీ గుండ్రంగా నున్నగా గీసి ఉన్నాయి. తలవైపు రెండంగుళాల మందం చెక్క మీద చందమామ చెక్కాడు బాబాయి. గుప్పెడు దాని చుట్టూ చప్పట్లు కొడుతూ గంతులేసింది. “నాది! నాది!” భర్త ఒకవైపు, బాబాయి ఒకవైపు పట్టుకుని మూలలోకి తోశారు. టక్! బీరువాకు తగిలి ఆగిపోయింది. పక్కకు తిప్పారు, ఎత్తి దించారు. ఊహూఁ. మూలలో పట్టనంటే పట్టనంది.

“అంగుళన్నర ఎక్కువుంది” అన్నాడు బాబాయి చెమట తుడుచుకుంటూ. “దేంతో కొలిచావు తల్లీ?”

ఆమె టేపు చూపించింది. బాబాయి నుదురు కొట్టుకున్నాడు. భర్త పకపకా నవ్వాడు. “అమ్మ టేపుతోనా! అది రెండంగుళాలు తక్కువ కదా! కొస తెగిపోయింది. అది రెండు దగ్గరే మొదలవుతుంది. వచ్చినదాంట్లోంచి రెండు తీసెయ్యాలి. ఈ వీధిలో చిన్నపిల్లలక్కూడా తెలుసే!”

“అవునమ్మా, నా చొక్కా కొలిచినప్పుడల్లా మీ అత్తగారు నోట్లో తీసివేత చేస్తూనే ఉంటారు” అన్నాడు బాబాయి.

వాళ్లు నవ్వుతూనే అన్నారు. కానీ ఆమెకు పుండు మీద కారం చల్లినట్టయింది. వీధి అంతటికీ తెలుసు! చొక్కా కుట్టించుకున్నవాళ్లకి తెలుసు! ఈ ఇంట్లో ఏడేళ్లుగా ఉంటున్న తనకు తప్ప! సరిగ్గా అప్పుడే చేతిలో మడతపెట్టిన కర్టెన్లతో అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. ఇన్నాళ్లూ అదిమిపెట్టుకున్నదంతా కట్టలు తెంచుకుంది.

“నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా! తెగిపోయిన టేపు అవతల పారేసి కొత్తది తెచ్చుకోవచ్చుగా! మీకు కోపమొస్తే తిట్టండి. నా బిడ్డకి గది అడిగినందుకు తప్పయితే తప్పే అనండి. ఇలా మాట్లాడకుండా ఒక్కొక్కటీ మూట కట్టుకుని వెళ్లిపోతుంటే నేనేం కావాలి! అప్పుడూ ఇంతే… నా పిల్ల గాజుపెట్టెలో కొట్టుమిట్టాడుతుంటే ఒక్కసారి చూసి వెళ్లిపోయారు. నలభై రోజులు! నేను రోజూ తలుపు వైపే చూశాను అత్తయ్యా… మీరొస్తారని!”

బాబాయి ఉలి ఒకటి తీసి దాని పదును చూడ్డం మొదలెట్టాడు. గుప్పెడు పరుగున వెళ్లి నాయనమ్మ కాళ్లు వాటేసుకుంది.

అత్తగారు కర్టెన్లు మంచం మీద పెట్టింది. తన గదిలోకి వెళ్లి, గుండీలు వేసుకునే పాత రేకు డబ్బా తెచ్చింది. మూత తీసి, అడుగున వెతికి రెండు వస్తువులు కోడలి అరచేతిలో పెట్టింది. ఒకటి రెండంగుళాల టేపు ముక్క. రెండోది ఒంటరి మేజోడు, బొటనవేలంత. లేత పసుపు మెత్తటి గుడ్డ, అంచుకు నీలం దారం కుట్టు.

ఆమె దాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది. అలాంటి జత ఒకటి తన బీరువాలో, అన్నిటికన్నా పైఅరలో, మెత్తటి కాగితంలో చుట్టి దాచుకుంది! ఆ గాజుపెట్టెలో తన బిడ్డ కాళ్లకు తొడిగినవి. ‘ఎవరో దాతలు పంపారమ్మా’ అని నర్సు చెప్పింది. ముఖం తెలియని ఆ పుణ్యాత్ములకు ఎన్నిసార్లు మనసులో దణ్ణం పెట్టుకుందో!

“ఇవి… ఇవి ఆస్పత్రి వాళ్లిచ్చినవి కదా…”

“నేను కుట్టినవే” అంది అత్తగారు. తర్వాత, ఏడేళ్లలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడింది. “వచ్చాను కదమ్మా ఆ రోజు. తలుపు దగ్గరే దగ్గొచ్చింది నాకు. ‘పెద్దమ్మా, లోపలున్నవాళ్లు పసిగుడ్లు. మీ దగ్గు తగ్గేదాకా రాకండి’ అంది నర్సమ్మ. నా దగ్గు తగ్గేదా? పాతికేళ్ల గుడ్డ దుమ్ము తిన్న గొంతిది. మరి నేనేం చెయ్యగలనమ్మా అని అడిగాను. కాళ్లు చల్లబడిపోతున్నాయి, అంత చిన్న మేజోళ్లు ఎక్కడా దొరకవంది. కొలతియ్యమన్నాను. టేపంతా లోపలికి తీసుకెళ్లనంది. సంచిలో కత్తెరుంది. కొస కత్తిరించి ఇచ్చాను. మందేసి తుడిచి, లోపలికెళ్లి, దాని పాదం పక్కన పెట్టి చూసొచ్చింది. ‘రెండంగుళాలు కూడా లేదు పెద్దమ్మా’ అంది…”

కొడుకు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అతనికీ తెలియదు!

“ఒక్కదానికే కుట్టడానికి చేతులు రాలేదు. ఆ గదిలో ఉన్న పిల్లలందరికీ కుట్టి పంపాను. మిషన్ దిగితే… దానికేమైనా అవుతుందేమోనని భయమేసేది. అందుకే దిగలేదు.”

“మరి నాతో ఒక్కసారి చెప్పొచ్చుగా అత్తయ్యా!” కోడలి కళ్లు ధారలు కట్టాయి.

“ఏం చెప్పను? పిల్ల అలా ఉంటే నీకు నా దగ్గు గొడవెందుకు? తర్వాతేమో… అయిపోయిందిగా అనుకున్నాను. నువ్వు తలుపు వైపు చూస్తూ కూర్చున్నావని నాకేం తెలుసే పిచ్చిదానా?”

“మరి ఇప్పుడు మిషన్…”

“గుడ్డ దుమ్మే! నన్ను పట్టుకున్నది దాన్ని పట్టుకోకూడదు. ముందే అరకొర ఊపిరితో పుట్టింది. హాల్లో పెడితే అక్కడే కదా అది ఆడుకునేది! అందుకే తీసేశాను. నాలుగు గోడలూ మూడుసార్లు తడిగుడ్డతో తుడిచాను. నేను అలగడమేమిటే? అలగడానికి నాకు తీరికెక్కడిది!”

కోడలు అత్తగారిని మంచం అంచున కూర్చోబెట్టి, తను నేల మీద చతికిలబడింది. అత్తగారి ఒళ్లో తల పెట్టుకుని బావురుమంది. “నన్ను క్షమించండి అత్తయ్యా… ఇన్నాళ్లూ మీ మీద ఎంత కోపం మోశానో!” అత్తగారి చెయ్యి, సూది పోట్లు నిండిన ఆ చెయ్యి, ఆమె జుట్టు మీద ఆగి ఆగి నిమిరింది. అలవాటు లేని పని కదా! గుప్పెడు తల్లినీ నాయనమ్మనూ మార్చి మార్చి చూసి, “ఎవరు దూకారు?” అని అడిగింది. బాబాయి ముక్కు చీదుకుంటూ నవ్వాడు.

“ఆ ముక్కని మళ్లీ టేపుకి కుట్టెయ్యొచ్చుగా అమ్మా?” అన్నాడు కొడుకు కళ్లు తుడుచుకుంటూ.

“ఎందుకు? రెండు తీసెయ్యడం నాకు కష్టమా? తీసేసినప్పుడల్లా దాని పాదం గుర్తొస్తుంది” అంది తల్లి.

తర్వాత పనులు చకచకా జరిగాయి. బాబాయి తలవైపు చెక్క ఊడదీశాడు. రెండంగుళాల మందం పోయేసరికి మంచం ఎవరూ తొయ్యకుండానే మూలలోకి జారినట్టు వెళ్లి కూర్చుంది. “అయ్యో, చందమామ!” అని గుప్పెడు మూతి ముడిస్తే, ఆ చెక్కను గోడకు అరలా బిగించాడు. దాని మీద ఒక జతన్నర పసుపు మేజోళ్లు కూర్చున్నాయి. పిల్ల తలకు గోడ తగలకుండా అత్తగారు అప్పటికప్పుడు దూది మెత్త కుడతానంది. అప్పుడు కోడలు లేచి, కళ్లు తుడుచుకుని, భర్తను పిలిచింది.

“ఏమండీ, ముందు మన గదిలోంచి ఆ ఊచల మంచం తీసెయ్యండి. ఆ తర్వాత బట్టల కొట్టుకి వెళ్లి మిషన్ తెచ్చెయ్యండి.”

“ఎక్కడ పెడతావు?”

“ఊచల మంచం ఉన్న చోటే, కిటికీ పక్కన. కుట్టేటప్పుడు తలుపు వేసుకుంటారు, సాయంత్రం నేనొచ్చి తడిగుడ్డ పెడతాను. ఇకనుంచి మూతికి గుడ్డ కట్టుకునే కుట్టాలి అత్తయ్యా. ఆ దగ్గు సంగతి కూడా రేపు డాక్టరమ్మకి చూపిద్దాం.”

“నాకెందుకు ఇప్పుడు డాక్టర్లు…” అని అత్తగారు ఏదో అనబోయింది. “మీరు మాట్లాడకండి. మాట్లాడకుండా ఉండడం మీకు అలవాటేగా!” అంది కోడలు. ఏడేళ్లలో అత్తగారు పళ్లు కనిపించేలా నవ్వడం ఆమె చూసింది అప్పుడే.

మధ్యాహ్నం రెండింటికి కర్టెన్లు వేసిన ఆ గదిలో గుప్పెడు తన మంచం తనే ఎక్కింది, తనే దిగింది, మళ్లీ ఎక్కింది. తల్లి పక్కనే నేల మీద కూర్చుని, అలవాటుగా చెయ్యి ముందుకు చాపింది. ఊచ తగల్లేదు! మోచెయ్యి గాల్లో ఆగింది. పిల్ల ఆ చేతిని తీసి, జాగ్రత్తగా తల్లి ఒళ్లోనే పెట్టేసింది.

“అమ్మా, నువ్వు వెళ్లు. ఇది నా గది!”

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెళ్లమంటోంది! గాజుపెట్టెలో కాలు కూడా కదపలేని పిల్ల… తనను వెళ్లమంటోంది! గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చుంది. అక్కడ అత్తగారు ముందే చేరి, దూది మెత్తకు కుట్టు వేస్తోంది. చీర చెంగు మూతికి కట్టుకుని ఉంది, చెప్పిన మాట విన్న చిన్నపిల్లలా. లోపల పిల్ల తనలో తను ఏదో పాడుకుని, కాసేపటికి ఆపేసింది. కోడలు చివ్వున లేవబోతే అత్తగారు మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

“పడుకుందిలే. వినపడట్లా?”

చెవి రిక్కించింది. అవును… మెల్లగా, హాయిగా, నిండుగా ఊపిరి. గుమ్మం దాకా వినిపిస్తోంది.

మంచం అంచు మీద నుంచి పిల్ల పాదం ఒకటి బయటికి వచ్చి ఉంది. అత్తగారు చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్లి, మెడలో వేలాడుతున్న టేపు తీసి, పసుపు గుడ్డ కొసను ఆ బుల్లి మడమకు ఆనించింది. బొటనవేలి దాకా లాగి, కళ్లజోడు పైకి నెట్టుకుంది. అంకెలు సరిగా ఆనినట్టు లేదు. గుమ్మం వైపు తిరిగి చూసింది. కోడలు వచ్చి పక్కన వంగి చూసింది.

టేపు మీద ఏడున్నర ఉంది.

“అయిదున్నర అత్తయ్యా” అంది కోడలు గుసగుసగా. “మన టేపుకి రెండు తీసెయ్యాలిగా!”